తాయమ్మ పేర్లు పెట్టిన చప్పుళ్ళు

పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో కొంతదూరం వెళ్ళి ఎడమచేతికి తిరిగితే బండమీదపల్లె వస్తుంది. అరవై ఇళ్ళు. ఊరు అయిపోయిన చోట టమోటా చేలు, చెరుకు తోటలు, మల్బరీ మడులు. అవీ అయిపోయిన చోట అడవి. సరిగ్గా ఆ అడవి అంచునే తాయమ్మకు ఎకరన్నర మల్బరీ తోట, తోట పక్కన పొడుగాటి పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి.

తాయమ్మకు యాభై రెండేళ్ళు. ఏడో తరగతితో చదువు ఆగింది. మునెయ్యను చేసుకుని ఈ ఊరికి వచ్చిన ఏడాదే అత్తగారు ఆమె చేతికి పురుగుల తట్ట ఇచ్చింది. అప్పటినుంచి ముప్పై మూడేళ్ళుగా ఆమెకు అదే పని. చేసీ చేసీ ఆమెకు ఒక విద్య అబ్బింది. అది విద్య అని ఆమెకే తెలియదు.

పట్టుపురుగులు ఆకు తినేటప్పుడు చప్పుడవుతుంది. వేలకు వేల పురుగులు ఒకేసారి తింటుంటే షెడ్డు మీద సన్నవాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ పురుగులు నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడి ఉండి, పాత తోలు విడుస్తాయి. రైతులు దాన్ని జ్వరం అంటారు. జ్వరానికి పోయే పురుగుకు ఆకు వేయకూడదు, లేచిన పురుగుకు ఆలస్యం చేయకూడదు. అందరూ తట్ట దగ్గరికి పోయి వంగి చూస్తారు. తాయమ్మ గుమ్మం బయటే నిలబడి, ఒక నిమిషం తల వంచి, "మూడో వరసలో కింద తట్టకు ఆకెయ్యొద్దు, పండుకోబోతా ఉండాయి" అనేది. మునెయ్య పోయి చూస్తే నిజమే అయ్యేది. వానలాంటి ఆ చప్పుడంతటిలో ఒక మూల పలచబడితే ఆమె చెవికి తగిలేది.

మునెయ్య ఆమెకంటే ఆరేళ్ళు పెద్ద. కుడి మోకాలు అరిగిపోయింది, ఒంట్లో చక్కెర ఉంది. నవ్వుతూ అబద్ధాలు చెప్పే మనిషి. ఆయన అబద్ధాల వల్ల ఎవరికీ నష్టం ఉండేది కాదు, ఆయన ఒంటికి తప్ప.

రెండేళ్ళ కిందట అడవిలోంచి ఏనుగులు దిగడం మొదలైంది. అంతకుముందు కూడా వచ్చేవి, ఏడాదికో రెండేళ్ళకో. ఆ ఏడు మాత్రం నెలకు రెండుసార్లు వచ్చాయి. చెరుకు తిన్నాయి, అరటి తిన్నాయి, డ్రిప్పు పైపులు తొక్కి పీలికలు చేశాయి. తాయమ్మ మల్బరీలో అడ్డంగా నడిచిపోయాయి. పక్క ఊర్లో ఒకాయన చీకట్లో ఏనుగుకు ఎదురుపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. జనం టపాకాయలు కాల్చారు, డబ్బాలు మోగించారు. ఏనుగులు వచ్చాయని తెలిస్తే కదా మోగించేది! తెలిసేసరికే అవి తోట మధ్యలో ఉండేవి.

అప్పుడే తిరుపతి నుంచి సుజన వచ్చింది.

సుజనకు ఇరవై తొమ్మిదేళ్ళు. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బాలచంద్ర అనే ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తోంది. ఆమె తెచ్చిన సరుకు చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. నాలుగు కిలోమీటర్ల నల్లటి కేబులు, అట్టపెట్టె సైజులో ఒక ఇనప పెట్టె, ఒక లాప్‌టాప్, ఒక సైరన్.

"ఈ కేబులు లోపల వెంట్రుక అంత సన్నం అద్దం ఉంటుంది పెద్దమ్మా" అని సుజన తాయమ్మకు చెప్పింది. "ఈ పెట్టె దాంట్లోకి వెలుతురు పంపిస్తుంది. అద్దంలో ప్రతి చోటు నుంచి ఆ వెలుతురు రవ్వంత వెనక్కి వస్తుంది. కేబులును భూమిలో పూడుస్తాం. పైన ఏదైనా నడిస్తే నేల వణుకుతుంది, అద్దం కూడా వణుకుతుంది, తిరిగొచ్చే వెలుతురు మారుతుంది. ఎన్నో మీటరు దగ్గర మారిందో ఈ పెట్టె చెప్పేస్తుంది."

"ఏనుగ నడిస్తే తెలుస్తుందా?"

"చీమ నడిచినా తెలిసేంత సున్నితం ఇది."

"అట్లయితే చీమ నడిచినా కూస్తుందేమో గదా" అంది తాయమ్మ. సుజన నవ్వేసింది. ఆ నవ్వు పది రోజులు కూడా నిలవలేదు.

అడవి అంచు బాట వెంట మూరెడు లోతు కాలువ తవ్వి కేబులు పూడ్చారు. పెట్టెకు దుమ్ము పడకూడదు, వేడి తగలకూడదు. ఊర్లో అంత శుభ్రంగా, చల్లగా ఉండేది పట్టుపురుగుల షెడ్డు ఒక్కటే. షెడ్డుకు ముందున్న చిన్న గదిలో గోడకు కొట్టిన చెక్క బల్ల మీద పెట్టెను పెట్టారు. కేబులు సున్నా మీటరు అక్కడే మొదలు. బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుక్కుంటేనే లోపలికి రానిచ్చేది తాయమ్మ, ప్రొఫెసరయినా సరే.

మొదటి పది రోజుల్లో సైరన్ నలభై మూడుసార్లు మోగింది. ఏనుగు ఒక్కసారి కూడా రాలేదు. పాలవ్యాను వస్తే మోగింది. కోమలి ఎనుములు మేతకు పోతే మోగింది, తిరిగొస్తే మోగింది. వడగళ్ళు పడితే ఆపకుండా మోగింది. త్రీఫేజు కరెంటు వచ్చి పరంధామయ్య బోరు మోటారు తిరిగితే మోగింది. బడి పిల్లలు తాడాట ఆడినా మోగింది. మొదట్లో జనం పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తర్వాత తలుపు తీసి చూసేవాళ్ళు. ఆ తర్వాత సైరన్ మోగుతుంటే, "పాలొచ్చినట్టుండాయి, గిన్నె తీసుకోమే" అని పెళ్ళాలకు చెప్పడం మొదలుపెట్టారు.

సుజన కంప్యూటర్లో ఒక గీత ఉండేది. నేల వణుకు ఆ గీత దాటితే సైరన్ మోగాలి. ఆమె గీతను పైకి జరిపింది. సైరన్లు తగ్గాయి. ఇంకొంచెం జరిపింది. పూర్తిగా ఆగిపోయాయి. ఊరు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, మూడు ఏనుగులు కేబులు మీదుగా నడిచి వచ్చి పరంధామయ్య చెరుకులో దిగాయి. సైరన్ కిక్కురుమనలేదు.

పరంధామయ్య ఊర్లో పెద్దమనిషి, గొంతు ఇంకా పెద్దది. మరుసటి రోజు షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం పాపా, ఎనుమొస్తే కూస్తాది, ఏనుగొస్తే కూయదు. మీ కాలేజీలో ఈ రెండిటికీ తేడా సెప్పలేదా?"

 ఆ రోజే బాలచంద్ర ఫోన్ చేసి, ఆయన కూడా బాధగానే చెప్పాడు: ఇంకో నెల చూద్దాం, కుదరకపోతే పెట్టెను తీసుకొచ్చేద్దాం. వేరే పరిశోధనకు అది అవసరం ఉంది.

తాయమ్మ పురుగులకు ఆకు వేసి వచ్చేసరికి సుజన చిన్న గదిలో నేల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాయమ్మ రాగిసంగటి, ఉలవచారు తెచ్చి పెట్టింది. సుజన తింటున్నంతసేపు తాయమ్మ లాప్‌టాప్ మీద కదిలే రంగుల చారలను చూసింది.

"నాకిది ఏమీ అర్థం కాలేదు పాపా. ఇది వినపడదా?"

"వినడమా?"

"వణుకంటే చప్పుడే గదా. రేడియోలో మాదిరి వినపడేట్టు చెయ్యలేవా?"

సుజన ఎంగిలి చేత్తో అలాగే ఆగిపోయింది. చేయవచ్చు. చేయడం కష్టం కూడా కాదు. ఇన్నాళ్ళూ అందరూ దాన్ని కళ్ళతోనే చూశారు, వినాలని ఎవరికీ తోచలేదు. గంటసేపు ఏదో రాసి, లాప్‌టాప్‌కు చిన్న స్పీకరు తగిలించింది.

గదిలో వాన మొదలైంది. జల్లులాంటి, ఎడతెగని వాన.

తాయమ్మ తల వంచి విన్నది. "ఇది యాడ పడతా ఉండాది?"

"ఎక్కడా పడట్లేదు. ఇదే గోల. నాయిస్ అంటాం. అన్ని చోట్లా ఉంది, మొదటి మీటరు నుంచి నాలుగు వేల మీటరు దాకా. దీనికి పైన వినిపించేదాన్నే మనం పట్టుకోగలం. అందుకే గీత అంత ఎత్తున పెట్టాల్సి వస్తోంది."

"రెండు వేల మీటరు కాడ వినిపించు."

సుజన వినిపించింది. అదే వాన.

"మూడు వేల కాడ?"

అదే వాన. తాయమ్మ ముఖం ముడుచుకుంది. ఇంకోసారి రెండూ మార్చి మార్చి వినిపించమంది. తర్వాత రెండు చోట్లూ కలిపి ఒకేసారి వినిపించమంది.

"పాపా, ఈ రెండూ ఒకే వాన. ఈడ ఎక్కితే ఆడా ఎక్కుతా ఉండాది, ఈడ తగ్గితే ఆడా తగ్గుతా ఉండాది, అదే నిమిషానికి. నాలుగు కిలోమీటర్ల నేల అంతా ఒకే మాదిరి యాడన్నా వణుకుతుందా? నేల వణకడం లేదు. వినే చెవే వణుకుతా ఉండాది."

సుజన చప్పున లేచి నిలబడింది. పెట్టె ఉన్న చెక్క బల్ల మీద చేయి పెట్టింది. సన్నగా జివ్వుమంది. అదే గోడకు అవతలి వైపున షెడ్డు గాలి బయటికి తోసే పెద్ద ఫ్యాను ఉంది. పగలంతా తిరిగే ఫ్యాను. అది గోడను వణికిస్తోంది, గోడ బల్లను, బల్ల పెట్టెను. పెట్టె తన వణుకునే నాలుగు కిలోమీటర్ల నేల వణుకనుకుని లెక్కగడుతోంది.

"మామా, ఫ్యాను ఆపు!" అని తాయమ్మ షెడ్డులో ఉన్న మునెయ్యకు కేకేసింది. ఫ్యాను ఆగింది. వాన నిలిచిపోయింది. స్పీకర్లోంచి నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా టక్ టక్ టక్ మని చిన్న చప్పుడు.

"అది కోమలి పెద్దెనుము" అంది తాయమ్మ. "ముందు కాలు ఈడుస్తుంది."

పురుగులకు గాలి ఆడాలి కాబట్టి ఫ్యానును ఎల్లకాలం ఆపలేరు. మరి పెట్టెను ఏం చేయాలి? వణుకు తగలనివ్వని ఖరీదైన బల్లలు తిరుపతిలో ఉన్నాయి, వాటిని తేవడానికి నెల సరిపోదు. తాయమ్మ ఏటి ఇసుకను నాలుగు గోనెసంచుల్లో వదులుగా నింపించి, గది మధ్యలో గోడకు తగలకుండా పరిపించింది. వాటి మీద పెరట్లో బట్టలుతికే బండను మునెయ్య, పరంధామయ్య, మరో ఇద్దరు మోసుకొచ్చి పెట్టారు. పరంధామయ్య మోస్తున్నంతసేపూ తిట్టాడు, అయినా మోశాడు. బండ మీద పెట్టెను పెట్టారు.

సాయంత్రానికి తిరుపతి నుంచి బాలచంద్ర ఫోన్ వచ్చింది. అక్కడ తన కంప్యూటర్లో ఆయనకు ఇక్కడి రంగుల చారలు కనిపిస్తాయి.

"సుజనా, గోల పదో వంతుకు పడిపోయింది. ఏం మార్చావు?"

"పెట్టె కింద బట్టలుతికే బండ పెట్టినాం సార్. ఇసక మూటల మీద."

"రిపోర్టులో ఏమని రాస్తావు?"

"అదే రాస్తాను సార్."

పెట్టె గోల తగ్గింది. ఊరి గోల మిగిలింది. మోటార్లు, ఎనుములు, వ్యాన్లు. వాటన్నిటినీ జల్లెడ పట్టి తీసిపారేయాలని సుజన అనుకుంటుంటే తాయమ్మ ఒప్పుకోలేదు.

"మా షెడ్డులో వాన మాదిరి చప్పుడును నేను ఆపగలనా పాపా? ఆపలేను. దాన్ని బాగా తెలుసుకున్నాను కాబట్టి రొంత తేడా వస్తే తెలుస్తుంది. నువ్వు ఈ చప్పుళ్ళను తీసెయ్యొద్దు. పేర్లు పెట్టు. తెలిసినోళ్ళు ఇంటికొస్తే కుక్క మొరగదు గదా, అట్లన్నమాట."

అలా మొదలైంది ఆ పని. పొద్దున ఆకు కోత అయ్యాక రెండు గంటలు, సాయంత్రం మేత వేశాక రెండు గంటలు తాయమ్మ స్పీకరు ముందు కూర్చునేది. వినిపించిన ప్రతిదానికీ పేరు చెప్పేది, సుజన కంప్యూటర్లో ఎక్కించేది. కంప్యూటరు ఆ పేర్లను, ఆ చప్పుళ్ళ తీరును నేర్చుకునేది. "పరంధామయ్య మోటారు: ఉన్న చోటనే ఉంటుంది, కదలదు." "పాలవ్యాను: గుంతలో ఎగురుతుంది, బ్రేకు వేస్తుంది." "వాన: అన్ని చోట్లా పడుతుంది, ఒక్క చోటా నడవదు." తనకు తెలియనిది వినిపిస్తే తాయమ్మ ఊహించి చెప్పేది కాదు. ఎన్నో మీటరో అడిగి, చెప్పులేసుకుని నడిచి వెళ్ళి చూసొచ్చేది. ఒకసారి అది పగిలిన నీళ్ళ పైపు. ఒకసారి గుంత తవ్వుతున్న అడవిపంది, దాన్ని చూసి ఆమె పోయినదానికంటే వేగంగా తిరిగొచ్చింది.

ఒక సాయంత్రం వింటూ వింటూ ఆమె చేయి పైకెత్తింది. "రొంత నిలుపు. ఇది ఎన్నో మీటరు?"

"రెండు వేల ఎనిమిది వందలు. తారురోడ్డు వైపు పోతోంది. మనిషి అడుగు."

టప్... జర్, టప్... జర్. ఒక కాలు పడుతోంది, ఇంకో కాలు ఈడుస్తోంది.

"తోటకు నీళ్ళు కట్టొస్తానని పోయినాడు మా మామ" అంది తాయమ్మ నెమ్మదిగా. "తోట ఈడుండాది."

మూడు వేల మీటరు దగ్గర తారురోడ్డు మలుపులో అమల బోండాల అంగడి ఉంది. అడుగులు అక్కడిదాకా పోయి ఆగాయి. నాలుగు నిమిషాలు కదల్లేదు. తర్వాత టప్... జర్ మంటూ, కొంచెం హుషారుగా, వెనక్కి బయల్దేరాయి.

మునెయ్య ఇంటికి చేరేసరికి తాయమ్మ గుమ్మంలో ఉంది.

"నీళ్ళు కట్టినావా మామా?"

"కట్టినాను. తోట తడిసి ముద్దయింది."

"బోండాలు ఎన్ని తిన్నావు?"

మునెయ్య భార్య వైపు, గది వైపు, గదిలో నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్న సుజన వైపు చూశాడు. "ఇది ఏనుగుల మిషనని సెప్పినారే!" అన్నాడు. ఆ మాట రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. మగవాళ్ళు కొందరు కేబులు ఉన్న బాట వదిలేసి చుట్టుదారిలో నడవడం మొదలుపెట్టారని అమల అందరికీ చెప్పింది.

అన్ని చప్పుళ్ళకూ పేర్లున్నాయి, ఏనుగుకు తప్ప. ఏనుగు నడక ఎలా ఉంటుందో కంప్యూటరుకు చూపించాలి. అడవి శాఖ వాళ్ళను బతిమాలితే శిబిరంలో పెంచుతున్న ఒక ఆడ ఏనుగును లారీలో తెచ్చారు. ఊరంతా పండగలా వచ్చింది. మావటి దాన్ని దించి, కేబులు వెంట మూడుసార్లు అటూ ఇటూ నడిపించాడు. పరంధామయ్య స్వయంగా రెండు చెరుకు గడలు తెచ్చి దాని ముందు పెట్టి, "ఇది పిలిస్తే వచ్చింది, అందుకని ఇస్తా ఉండాను" అన్నాడు.

గదిలో సుజన కంగారుపడిపోయింది. స్పీకర్లో ఏమీ లేదు. రెండున్నర టన్నుల జంతువు నడుస్తుంటే ఎనుము నడిచినంత చప్పుడు కూడా లేదు.

"పెట్టె చెడిపోయినట్టుంది పెద్దమ్మా."

"గమ్మునుండు" అంది తాయమ్మ. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. "ఉండాది. వస్తా ఉండాది. విను. ఎనుము కాలు కొడుతుంది పాపా, ఏనుగ కాలు ఒత్తుతుంది. మెత్తటి దిండును అరచేత్తో ఒత్తినట్టు. ఒకటి ఒత్తిన చోటనే ఇంకోటి వచ్చి ఒత్తుతా ఉండాది. రెండేసి, రెండేసి."

సుజన పరుగున బయటికి పోయి చూసింది. నిజమే. ఏనుగు ముందుకాలు తీసిన జాడలోనే వెనకకాలు పెడుతోంది. ఇన్నాళ్ళూ కాలేజీ వాళ్ళు పెద్ద జంతువుకు పెద్ద చప్పుడు ఉంటుందని ఎదురుచూశారు. ఏనుగు వచ్చేది చిన్న చప్పుడుతో. అందుకే గీత కిందున్నప్పుడు ఎనుములకు సైరన్ మోగింది, పైకి జరిపాక ఏనుగులు దాని కింది నుంచి జారిపోయాయి. సుజన ఆ రోజు గీతనే తీసేసింది. ఎంత గట్టిగా వినిపించింది అన్నది కాక, ఎలా నడిచింది అన్నదాన్ని బట్టి సైరన్ మోగేట్టు రాసింది.

బాలచంద్ర ఇచ్చిన నెల గడువు అయిపోయింది. ఆయన పెట్టెను తీసుకుపోవడానికి వచ్చి, కాళ్ళు కడుక్కుని గదిలోకి పోయి, ఒక పూటంతా తాయమ్మ పక్కన కూర్చుని విన్నాడు. వెళ్ళేటప్పుడు పెట్టె జోలికి పోలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం అయిదున్నర అయింది. తుంపర పడుతోంది. పరంధామయ్య మోటారు తిరుగుతోంది. సుజన పని మీద తిరుపతి పోయింది. షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఆబగా మేస్తున్నాయి. తాయమ్మ ఆకు చల్లుతుంటే సైరన్ మోగింది.

ఆమె ఆకు తట్ట కింద పెట్టి గదిలోకి వచ్చింది. తెర మీద తెలుగులో అక్షరాలు: ఏనుగు, 2250. స్పీకరు పెంచింది. మెత్తగా, రెండేసి రెండేసి. ఒకటి కాదు, నాలుగైదు. వాటి మధ్యలో తడబడుతూ చిన్న అడుగులు కూడా ఉన్నాయి. గున్న ఉంది. గున్న ఉన్న మంద ఎవరినీ దగ్గరికి రానివ్వదు. అవి అడవి బాటకు దిగి, తారురోడ్డు వైపు కదులుతున్నాయి. 2270. 2290.

ఆమె అడవి శాఖ కాపలాదారు శ్రీనివాసులుకు ఫోన్ చేసింది, ఊరి వాట్సాప్ గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టింది. అప్పుడే ఇంకో చప్పుడు వినిపించింది. టప్... జర్. టప్... జర్. 2700. ఇటే వస్తోంది.

తాయమ్మ వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. మునెయ్య ఫోను మూడుసార్లు మోగాక తీశాడు.

"యాడుండావు మామా?"

"తోటలో. గడ్డి కోస్తా ఉండాను."

"రెండు వేల ఏడునూర్ల కాడ ఉండావు. నిలబడు."

"మళ్ళీ ఆ మిషను..."

"మామా, నిలబడు! ఎదురుగా ఏనుగులు వస్తా ఉండాయి. గున్న ఉండాది."

స్పీకర్లో టప్ మంది. జర్ అనలేదు. ఆగాడు.

"నాకేం అగపడ్లేదే" అన్నాడు మునెయ్య. గొంతులో నవ్వు లేదు.

"మలుపుండాది, కంపచెట్లుండాయి, అగపడవు. వెనక్కి తిరుగు. పరిగెత్తొద్దు, అరవొద్దు. అమలా వాళ్ళ అంగడికి పో, మేడెక్కు. నేను వింటానే ఉంటాను."

టప్ జర్, టప్ జర్. 2720. 2750. ఏనుగులు 2380. మోకాలు నొప్పితో ఆయన ఎంత వేగంగా నడవగలడో ఆమెకు తెలుసు. ఆ వేగం చాలడం లేదు. 2800. 2500. తాయమ్మ ఆయన ఊపిరి ఒక చెవిలో, ఆయన అడుగులు ఇంకో చెవిలో వింటూ కూర్చుంది. 2880. 2680. తర్వాత ఏనుగులు ఆగాయి. చాలాసేపు ఆగాయి. గున్న అటూ ఇటూ తిరిగింది. మెల్లగా ఆ ఒత్తుళ్ళు పలచబడి, కేబులుకు దూరంగా, కుంట వైపు పోయాయి.

"ఎక్కినాను" అన్నాడు మునెయ్య ఫోన్లో. "ఈడినుంచి అగపడతా ఉండాయి మే. అయిదు పెద్దవి, ఒకటి సిన్నది. అబ్బా, ఎంత ముద్దుగా ఉండాదో! వాళ్ళమ్మ తోక పట్టుకోని పోతా ఉండాది."

తాయమ్మ ఏడ్చింది, నవ్వింది. తర్వాత అడిగింది, "ఎన్ని తిన్నావు?"

"రెండే."

"మామా."

"నాలుగు. ఇప్పుడు అమలమ్మ ఇంకోటి పెడతా ఉండాది, భయపడినానని."

"తిను" అంది తాయమ్మ. ఆ ఒక్క రోజుకే.

ఊర్లో అందరూ లోపల ఉండి దీపాలు వేశారు. పశువులను కట్టేశారు. శ్రీనివాసులు మనుషులతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఏనుగులు కుంటలో నీళ్ళు తాగి, చీకటి చిక్కబడేలోపే వచ్చిన దారినే అడవెక్కాయి. రెండు వరసల మల్బరీ తప్ప ఏమీ పోలేదు.

ఆ సీజనులో సైరన్ మరో ఆరుసార్లు మోగింది. అయిదుసార్లు ఏనుగులే. ఆరోసారి మాత్రం రోడ్డు చదును చేసే రోలరు. దానికి కూడా తాయమ్మ పేరు పెట్టేసింది.

ఎండాకాలంలో తిరుపతి కాలేజీలో ఒక పెద్ద మీటింగు జరిగింది. ఎక్కడెక్కడి నుంచో అద్దపు తీగల మీద పని చేసేవాళ్ళు వచ్చారు. బాలచంద్ర తాయమ్మను పిలిచాడు. ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, మునెయ్యను వెంటబెట్టుకుని బస్సులో వెళ్ళింది. వేదిక మీద మైకు ముందు భయంభయంగా నిలబడింది. తర్వాత మైకు కొంచెం గరగరమంటోందని గమనించి, దాని తీగను ఎవరో తొక్కుతున్నారని చెప్పింది. ముందు వరసలో ఒకాయన చప్పున కాలు తీశాడు. హాలంతా నవ్వింది, ఆమె భయం పోయింది.

"మీరు గోలను ఎలా తట్టుకుంటారు?" అని బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగాడు. సుజన తెలుగులో చెప్పింది.

"అది గోల అనుకుంటే తట్టుకోలేము సామీ" అంది తాయమ్మ. "అవన్నీ మా ఊరోళ్ళే."

మీటింగులో పంచిన కాగితంలో సుజన పేరు పక్కన ఆమె పేరు కూడా ఇంగ్లీషులో అచ్చయింది. మునెయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, బస్సులో పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరికీ చూపించాడు.

ఇప్పుడు కుప్పం వైపు, తమిళనాడు సరిహద్దు దగ్గర ఇంకో ఊరికి కేబులు వేస్తున్నారు. వారానికి రెండు రోజులు తాయమ్మ అక్కడికి పోతోంది. ఆ ఊరివాళ్ళు సగం తెలుగు, సగం అరవం మాట్లాడతారు. ప్రసన్నకుమారి అనే టీచరు, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఆమె దగ్గర వినడం నేర్చుకుంటున్నారు. ఊరి పక్కన గ్రానైటు క్వారీ ఉంది. రాయి కోసే రంపం, లారీలు, మధ్యాహ్నం మందుపేలుళ్ళు. అక్కడి చప్పుళ్ళు ఆమెకు ఒక్కటీ తెలియవు.

మొదటి రోజు స్పీకరు పెట్టగానే సుజన అడిగింది, "ఇదేంది పెద్దమ్మా?"

తాయమ్మ చాలాసేపు విన్నది. "తెలీదు పాపా" అంది. చెప్పులేసుకుని, గొడుగు తీసుకుని, ప్రసన్నకుమారిని రమ్మని సైగ చేసి, "దా, పోయి సూసొద్దాం" అని ఎండలోకి నడిచింది.